ముప్పావు సినిమా

ముప్పావు ఏ సినిమానీ చివరిదాకా చూడడు. అది బాగుందా, బాగాలేదా అన్నదానితో నిమిత్తం లేదు. బాగాలేని సినిమా మధ్యలో లేచి వచ్చేసేవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారు, వాళ్ళ గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇతగాడు అద్భుతం, అమోఘం అనుకుంటూ, కుర్చీ అంచు మీదికి జరిగి, గుడ్లప్పగించి చూస్తూ చూస్తూ, సరిగ్గా కథ కొలిక్కి వచ్చే వేళకి లేచి నిలబడతాడు. వరసలో ఉన్న మోకాళ్ళన్నీ తాకుతూ, పాదాలన్నీ తొక్కుతూ, "సారీ అండీ, సారీ అండీ" అని గొణుగుతూ బయటికి నడుస్తాడు. అప్పటికి తెర మీద హీరో కొండ అంచున ఒంటిచేత్తో వేలాడుతూ ఉంటాడు. ముప్పావుకి తెలిసినంతవరకూ అతను ఇప్పటికీ వేలాడుతూనే ఉన్నాడు.

అలా ఆ కుర్రాడి బుర్రలో వేలాడుతున్నవాళ్ళు, మంటల్లో ఇరుక్కున్నవాళ్ళు, కోర్టు బోనులో నిలబడి తీర్పు కోసం నోరు తెరుచుకుని చూస్తున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క లేదు. ఒక్కరికీ విముక్తి లేదు. ఇంతకీ అతను చదవాలనుకుంటున్నది ఏమిటంటే సినిమా దర్శకత్వం.

ముప్పావన్న పేరు పెట్టింది బావ. బావ అంటే అక్క మొగుడు. ఊళ్ళో పెద్ద వీధిలో కళ్ళద్దాల షాపు ఆయనదే. ముప్పావు డిగ్రీ చదువుకోసం వచ్చి వాళ్ళింట్లో ముందుగదిలో మకాం పెట్టాడు. అసలు పేరు కాలేజీ హాజరు పట్టీలో ఉంది గానీ అక్కడ కూడా స్నేహితులు ముప్పావనే పిలుస్తారు. లెక్చరర్లు కూడా ఒకరిద్దరు నోరు జారారు.

బావ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఆయన బాధ అర్థం కాదు. ఆయన ఏ పనీ సగంలో వదలని మనిషి. ఫ్రేముకి మర బిగించడం మొదలుపెడితే షాపులో ఫోను మోగి మోగి దానంతటదే ఊరుకోవాల్సిందే. సినిమాకి వెళ్తే టైటిల్స్‌కి ముందు వేసే ప్రకటన దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఆఖర్న పైకి పాకే పేర్లన్నీ చదువుతాడు. లైట్లు మోసినవాళ్ళవి, వంట చేసినవాళ్ళవి, షూటింగుకి ఇల్లిచ్చినవాళ్ళవి, ఒక్కటి వదలడు. ఊడ్చేవాళ్ళు వచ్చి కాళ్ళెత్తమంటే ఎత్తి, ఎత్తిన కాళ్ళతోనే చదువుతాడు. "అంతమంది కష్టపడ్డారు, పేరు చదవడానికి మనకేం నొప్పి" అంటాడు. అలాంటి మనిషికి ఇలాంటి బావమరిది దొరికాడు.

మొదటిసారి ముగ్గురూ కలిసి సినిమాకి వెళ్ళినప్పుడు కుర్రాడు లేచి వెళ్తుంటే కడుపునొప్పేమో అనుకున్నాడు బావ. రెండోసారి కూడా కడుపునొప్పే అనుకున్నాడు. మూడోసారి ఇంటికొచ్చాక జీలకర్ర కషాయం కాచి ఇవ్వమని పెళ్ళానికి చెప్పాడు.

"నాకేం నొప్పి లేదు బావా. ముగింపులు నేను చూడను, అంతే" అన్నాడు ముప్పావు.

"చూడవా? టిక్కెట్టు మొత్తానికి కదరా కొన్నది."

"ముగింపు అనేది దర్శకుడికి ప్రేక్షకుడి మీద నమ్మకం లేక చేసే పని. మనకి ఊహించుకోవడం రాదని ఆయన ఉద్దేశం. నేను ఆ అవమానం పడను."

బావ కాసేపు ఆలోచించాడు. తాను ఇన్నేళ్ళుగా తలుపులు మూసేదాకా కూర్చుని అవమానాలు పడ్డాడన్నమాట. ఆ రాత్రి అన్నం సరిగ్గా సహించలేదు.

మరుసటి వారం ఇంకో సినిమా. ముప్పావు మామూలుగానే మధ్యలో మాయమై, అందరూ బయటికొచ్చేసరికి సైకిల్ స్టాండు దగ్గర బావ స్కూటరు తీసి, తుడిచి సిద్ధంగా పెట్టాడు. ఈసారి సిద్ధాంతం మారింది.

"జీవితంలో ఏదైనా ముగుస్తుందా బావా? సినిమా ఒక్కటీ ఎందుకు ముగియాలి?"

"పోయిన వారం నమ్మకం అన్నావు కదరా."

"అభిప్రాయాలు ఎదుగుతాయి."

ఆ పై వారానికి ముగింపులన్నీ నిర్మాతలు రాస్తారని, దర్శకుడి సొంత సొమ్ము ముప్పావు వంతేనని తేల్చాడు. ఆ వారమే పేరు ఖాయమైంది. తర్వాత మరో వారం, మనుషులు ఇల్లు చేరాలన్న తొందరలో ఆఖరి ఘట్టం శ్రద్ధగా చూడరు కాబట్టి దర్శకులు కూడా శ్రద్ధగా తీయరన్నాడు. రెండేళ్ళలో చెప్పిన సిద్ధాంతం మళ్ళీ చెప్పలేదు. సరుకు ఎక్కడినుంచి తెస్తున్నాడో బావకి అంతుపట్టేది కాదు.

అక్క మాత్రం తమ్ముణ్ణి వెనకేసుకొచ్చేది. "వాడు చిన్నప్పుడు ఇలా ఉండేవాడు కాదండీ. సినిమా అయిపోయాక కూడా లేవకపోతే మా నాన్న భుజాన వేసుకుని తెచ్చేవాడు."

"మరి ఇప్పుడేమైంది?"

"చదువుకున్నాడుగా" అనేది అక్క. దాంతో సంభాషణ ముగిసేది. ఆ ఇంట్లో ముగింపులు పలికేది అక్క ఒక్కతే.

అయితే మొదటి ముప్పావు గురించి మాట్లాడితే మాత్రం కుర్రాడి ముందు ఎవరూ నిలబడలేరు. "ఆ ఇంట్లో తల్లి ఒక్కసారి కూడా కూర్చోలేదు, గమనించారా? సినిమా అంతా నిలబడే ఉంది" అనేవాడు. బావ గమనించలేదు. మర్నాడు షాపులో నిలబడి అద్దాలు తుడుస్తుంటే గుర్తొచ్చి, ఇంట్లో తన పెళ్ళాం ఎప్పుడు కూర్చుంటుందో జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించి, జ్ఞాపకం రాక ఇబ్బంది పడ్డాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి "కాస్త కూర్చోరాదూ" అన్నాడు. ఆవిడ అనుమానంగా చూసి, ఏం తగలబెట్టారని అడిగింది.

ఇంకోసారి ముప్పావు అన్నాడు. "మనిషి ఏడుస్తుంటే కెమెరాని మొహం మీదికి తోస్తారు బావా. ఏడ్చేవాళ్ళ దగ్గరికి అంత దగ్గరగా ఎవరైనా వెళ్తారా? దూరంగా నిలబడి, ఏం చెయ్యాలో తెలియక చేతులు నలుపుకుంటాం. కెమెరా కూడా అలాగే నిలబడాలి."

ఈ మాట బావకి నచ్చింది. నచ్చినట్టు చెబితే నెత్తికెక్కుతాడని చెప్పలేదు. చెప్పకుండా ఊరుకున్నాడు గానీ షాపుకి వచ్చినవాళ్ళందరికీ తన సొంత అభిప్రాయంలాగా చెప్పాడు.

షాపులో ముప్పావుకి గొప్ప గిరాకీ. సాయంత్రాలు వచ్చి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుంటే, అద్దాలు అక్కర్లేనివాళ్ళు కూడా లోపలికొచ్చి కొత్త సినిమా సంగతి అడిగేవారు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన గడ్డం ఆనించే యంత్రంలో గడ్డం పెట్టి, ఒక కన్ను మూసుకునే విచారణ మొదలుపెట్టేవాడు.

"ఇంతకీ ఆ హత్య ఎవరు చేశారోయ్?"

"నేనున్నంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదండీ."

"అదేం మాట. పోలీసులు పట్టుకోలేదూ?"

"తలుపు కొట్టారు. తీసేలోపు నేను వచ్చేశాను."

మాస్టారు రెండో కన్ను కూడా మూసుకుని నిట్టూర్చేవాడు. బావ అక్షరాల చార్టు వైపు చూపించి చదవమంటే, "నువ్వు ఆగవోయ్, ముందు ఆ తలుపు సంగతి తేలనీ" అని విసుక్కునేవాడు. చివరికి ఆ ముగింపు బావే చెప్పాల్సి వచ్చేది. మొదటి మూడు వంతులు ముప్పావు నోట విన్న మనిషికి బావ చెప్పే ముగింపు చప్పగా ఉండేది. "ఓస్, ఇంతేనా" అనేవారు. ఆ సినిమా తానే పాడుచేసినట్టు ఉండేది బావకి.

డిగ్రీ ఆఖరి ఏడాదికి వచ్చేసరికి అసలు తగువు మొదలైంది. ఊళ్ళోనే ఫిల్మ్ స్కూలు ఉంది. దర్శకత్వానికి సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ముప్పావుకి అందులో చేరాలని. వాళ్ళ నాన్నకి, అంటే బావకి మామగారికి, కుళాయిలూ పైపులూ అమ్మే దుకాణం ఉంది. కొడుకు అందులో కూర్చోవాలని ఆయన కోరిక. మధ్యవర్తి బావ. ఏ లోకంలో ఉండి మాటిచ్చాడో గానీ, కుర్రాడికి నిజంగా ఒంట్లో సరుకుందని, ఒక్క ఏడాది ప్రయత్నించనివ్వమని మామగారి దగ్గర పూచీ పడ్డాడు.

ఫోనులో మామగారు తేల్చి చెప్పారు. "అల్లుడుగారూ, మీ మొహం చూసి ఈ ఒక్క ఏడాది ఊరుకుంటాను. సీటు రాకపోతే మర్నాడే వాణ్ణి పంపించెయ్యండి. మా వ్యాపారం మంచిది. పైపు మధ్యలో ఆగితే నీళ్ళు రావు. అక్కడైతే వాడి రోగం కుదురుతుంది."

దరఖాస్తుతో పాటు ఓ చిన్న సినిమా తీసి పంపాలి. ముప్పావు కాలేజీ నుంచి కెమెరా సంపాదించి, దాన్ని బావ షాపులోనే తీశాడు. కథ చిన్నది. చూపు మందగించిన ఒక ముసలావిడ కళ్ళద్దాల షాపుకి వస్తుంది. షాపాయన ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూపిస్తాడు. ఆవిడకి ఏదీ ఆనదు. ఆయన విసుక్కోడు, ఆవిడ లేవదు. అంతే. షాపాయనగా బావ నటించాడు. ముసలావిడగా అక్క నటించింది. తలకి పిండి పూసినందుకు తమ్ముడితో రెండు రోజులు మాట్లాడలేదు.

బావ బాగా చేశాడు. ఎందుకంటే ఆయన నటించలేదు. ఎదురుగా ఉన్నది పెళ్ళామని మర్చిపోయి, నిజంగానే ఆవిడకి తగిన అద్దాలు వెతికాడు. ఆఖరికి ఒక జత తీసి, తుడిచి, మెల్లగా ఆవిడ చెవులకి తగిలించాడు. ముసలావిడ తలెత్తి ఎదురుగా ఉన్న నిలువుటద్దంలోకి చూసింది. ముప్పావు కెమెరా ఆపేశాడు.

"తర్వాత?" అన్నాడు బావ.

"అయిపోయింది."

"అయిపోవడమేంట్రా. ఆవిడకి కనపడిందా, లేదా?"

"తెలియదు బావా."

"తెలియదంటే ఎలా? అద్దాలు నావి. షాపు నాది. బోర్డు కూడా కనపడుతోంది వెనకాల. ఇంతవరకూ నా షాపు నుంచి ఒక్కరు కనపడకుండా వెళ్ళలేదు."

"అది చూసేవాళ్ళు ఊహించుకుంటారు."

"వాళ్ళు తప్పుగా ఊహించుకుంటే నా వ్యాపారం ఏం కావాలి?"

ఎంత మొత్తుకున్నా ముప్పావు వినలేదు. అలాగే పంపాడు.

నెల తిరక్కుండా ఫిల్మ్ స్కూలు నుంచి షాపుకి ఫోను వచ్చింది. ఆ వేళ బావ ఫ్రేముకి మర బిగిస్తున్నాడు, అయినా ఎత్తాడు. అవతలి గుమాస్తా చెప్పిన సంగతి ఇది. సినిమా పెద్దలకి నచ్చింది. షాపాయన పాత్రధారి మరీ నచ్చాడు. కానీ ముగింపు లేదు. దర్శకుడికి ముగించడం చేతకాలేదా, ఇష్టం లేదా అన్న సందేహం ప్రిన్సిపాల్ మేడమ్‌కి పట్టుకుంది. కాబట్టి ఈ శుక్రవారం ఊళ్ళో థియేటరులో ఒక పాత సినిమా మ్యాట్నీ వేయిస్తున్నారు. ఎక్కడో దూరాన్నుంచి అరువు తెచ్చిన ప్రింటు, ఒక్క ఆటే, ఆ సాయంత్రమే వెనక్కి వెళ్ళిపోతుంది. అభ్యర్థులందరూ చూడాలి. శనివారం ఇంటర్వ్యూలో ఈ అబ్బాయిని ఆ సినిమా ముగింపు గురించే అడుగుతారు.

బావ ఫోను పెట్టేసి, బిగించాల్సిన మర ఎక్కడ పడిందో వెతుక్కున్నాడు.

"ఈ ఒక్కసారి నీ సిద్ధాంతాలు కట్టిపెట్టు. కూర్చో, చూడు, రా" అన్నాడు ఇంటికొచ్చాక.

ముప్పావు ఎందుకో తెల్లబోయాడు. "శుక్రవారం మ్యాట్నీయేనా బావా? ఆ సినిమాయేనా?"

"ఒక్క ఆటే. ఏం?"

"ఏం లేదు" అన్నాడు. ఆ వారమంతా అన్నం కెలికి వదిలేశాడు. భయపడుతున్నాడు పాపం అనుకుంది అక్క. బావ అలా అనుకోలేదు. ఈ బావమరిది శుక్రవారం కూడా లేస్తాడని ఆయనకి ముందే తెలిసిపోయింది.

అందుకని శుక్రవారం మధ్యాహ్నం షాపు మూసి తానే వెంట వెళ్ళాడు. వరసలో గోడ పక్క కుర్చీలో ముప్పావుని కూర్చోబెట్టి, ఇవతల తాను కూర్చుని, ముందు కుర్చీకి కాలు అడ్డంగా తన్నిపెట్టాడు. ఇక దూకితే గోడే దూకాలి.

సినిమా ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ. చిన్నప్పటి నుంచి ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరూ చిన్న మాట పట్టింపుతో మాట్లాడుకోవడం మానేస్తారు. ఏళ్ళు గడిచిపోతాయి. చెల్లెలు ఇక తిరిగి రాకూడదని నిశ్చయించుకుని ఓడ ఎక్కడానికి బయల్దేరుతుంది. ఆ సంగతి తెలిసి, వంట చేస్తున్న అక్క చేతులు కూడా కడుక్కోకుండా రేవుకి పరుగెడుతుంది. హాల్లో ఊపిరి శబ్దం కూడా లేదు. సరిగ్గా అప్పుడు పక్క కుర్చీ కిర్రుమంది.

బావ చూపు తెర మీంచి తిప్పకుండానే చొక్కా పట్టుకున్నాడు.

"వదలండి బావా."

"కూర్చో."

"వెళ్ళాలి బావా."

"బాత్రూమా?"

"కాదు."

"అయితే కూర్చో."

"మాటిచ్చాను."

"నేనూ ఇచ్చాను, మీ నాన్నకి."

వెనక వరసలోంచి ఎవరో వంగి, "మీ ఇంటి గొడవలు తర్వాత చూసుకోండయ్యా, అక్కడ ఆవిడ పరిగెడుతోంది" అన్నారు. బావ సిగ్గుపడి ఒక్క క్షణం పట్టు సడలించాడు. అంతే, ముప్పావు ముందు వరస కుర్చీ మీదికెక్కి అవతలికి దూకాడు. చొక్కా గుండీ ఒకటి బావ చేతిలో మిగిలింది.

బావ తెర వైపు చూశాడు. అక్క రేవు మలుపు తిరుగుతోంది. తలుపు వైపు చూశాడు. బావమరిది మలుపు తిరిగాడు. జన్మలో మొదటిసారి ఆయన సినిమా మధ్యలో లేచాడు. జనం పాదాలు తొక్కుతూ, "సారీ అండీ" అంటూ నడిచాడు. ఆ మాట అనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

తలుపు దగ్గర ఎవరో మనిషి ఎదురొచ్చి ఢీకొట్టాడు. ఖాకీ చొక్కా, నెరిసిన జుట్టు, చెప్పులు చేత్తో పట్టుకుని వంగి పరుగెడుతున్నాడు.

"తప్పుకోండి సార్, మొదలైపోయింది."

"మొదలవడమేంటయ్యా, అయిపోవస్తోంది."

"అదే సార్, అదే నాకు మొదలు" అంటూ ఆ మనిషి చీకట్లోకి దూరిపోయాడు.

బయట ఎండ భగ్గుమంటోంది. థియేటరు గోడ పక్కన రేకుల కింద సైకిళ్ళూ స్కూటర్లూ వరసగా ఉన్నాయి. ఆ వరసల మొదట్లో స్టూలు మీద, మెడలో టోకెన్ల తీగ వేసుకుని, బుద్ధిగా ముప్పావు కూర్చుని ఉన్నాడు. చొక్కా మధ్యలో తెరుచుకుని ఉంది.

"ఇదేమిట్రా?" అన్నాడు బావ.

ఇక దాచి లాభం లేదని ముప్పావు చెప్పాడు. ఆ వెళ్ళినాయన స్టాండు పెద్దాయన. ఈ థియేటరు కట్టిన దగ్గర్నుంచీ ఇక్కడే పని. బండ్లు వదిలి కదలడానికి లేదు. కానీ ఆయన తల మీద గోడకి గాలి ఫ్యాను ఉంది, దాని సందులోంచి లోపలి మాటలన్నీ వినపడతాయి. అన్ని సినిమాలూ చెవులతోనే చూస్తాడు. చిక్కు ఒక్కటే.

"చివర్లో ఎవరూ మాట్లాడరు బావా. అంతా వాయిద్యాలే. ఎవరు బతికారో, ఎవరు పోయారో, ఎవరు ఎవర్ని కలిశారో ఆయనకి తెలియదు. జనం బయటికొచ్చాక అడుగుదామంటే అందరూ బండి కోసం మీద పడతారు. నేను మొదటి ఏడాదిలో ఒకరోజు నిజంగానే కడుపునొప్పొచ్చి ముందు లేచొచ్చాను. నన్ను పట్టుకుని 'బాబూ, ఆఖరికి ఏమైంది' అన్నాడు. చూడలేదన్నాను. ఆయన మొహం చూడలేకపోయాను. అందుకని మీరెళ్ళి చూసి రండి, స్టాండు నేను చూస్తాను అన్నాను."

"అప్పట్నుంచీ ఇదేనా?"

"ఒక్కసారితో సరిపోతుందా బావా. అన్ని సినిమాలకీ చివరుంటుందిగా."

"నాకు చెబితే నేనేమన్నా అంటానా?"

"మీరు అక్కకి చెబుతారు. అక్క వీధిలో చెబుతుంది. మేనేజరుకి తెలిస్తే పెద్దాయన్ని తీసేస్తాడు."

బావ చేతిలో మిగిలిన గుండీని వేళ్ళ మధ్య తిప్పాడు. అది నిజం. "మరి ఆ సిద్ధాంతాలన్నీ?"

"ఎప్పుడూ కడుపునొప్పంటే అక్క కషాయం పోస్తుందిగా. ఏదో ఒకటి చెప్పాలి."

"పోనీ, చూసొచ్చి ఆయన నీకు చెబుతాడా?"

"ఎక్కడ చెబుతాడు. 'చెబితే ఏం బాగుంటుంది బాబూ, చూడాలి' అంటాడు."

బావకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ముందు కోపం గెలిచింది. "రేపు ఇంటర్వ్యూరా. ఇవాళ్టికి కుదరదని చెప్పొచ్చుగా."

"ఈ సినిమా వస్తుందని గోడ మీద కాగితం అంటించిన రోజు నుంచీ ఎదురుచూస్తున్నాడు బావా. ఆయన పెళ్ళి కాకముందు ఒకసారి వచ్చిందట. చివరిదాకా విన్నాడట. ఓడ కూత వినపడిందట, తర్వాత వయొలిన్లు. ఆ అక్క అందుకుందో లేదో ఇన్నేళ్ళూ తెలియలేదు. ఫోను రాకముందే మాటిచ్చేశాను."

అప్పుడే ఫ్యాను సందులోంచి ఓడ కూత వినపడింది.

బావ ఇక ఆలోచించలేదు. ముప్పావు మెడలోంచి టోకెన్ల తీగ లాగి తన మెడలో వేసుకున్నాడు. "పో లోపలికి."

"మీరు?"

"ఫో అంటుంటే. పరిగెత్తు. ఓడ కదిలిపోతుంది."

ముప్పావు పరుగెత్తాడు. బావ స్టూలు మీద కూర్చుని తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. వయొలిన్లు మొదలయ్యాయి. ఒక్క మాట లేదు. వయొలిన్లు పైకి లేచాయి, అంటే అక్క అందుకున్నట్టుంది. కిందికి దిగాయి, అంటే అందుకోనట్టుంది. ఆగిపోయాయి. ఇక ఏమనుకోవాలో ఆయనకి తెలియలేదు. కొండ అంచున వేలాడుతున్నట్టే ఉంది ప్రాణం. ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చుని ఒక మనిషి ఇది ఎలా భరించాడో అనుకున్నాడు.

అంతలో పక్క తలుపులోంచి థియేటరు మేనేజరు వచ్చి, టై కట్టుకుని టోకెన్ల తీగ వేసుకున్న మనిషిని చూసి ఆగిపోయాడు.

"ఎవరండీ మీరు? మా పెద్దాయనేడీ?"

జీవితంలో అబద్ధమాడని మనిషి బావ. నోరు తెరిచాడు. అందులోంచి ఏం వస్తుందో ఆయనకీ తెలియదు.

"కళ్ళద్దాల షాపండీ. పని స్థలాల్లో చూపు మీద ఒక పరిశోధన చేస్తున్నాం. ఈ టోకెన్ల మీద అంకెలు ఎంత చిన్నవో చూశారా? ఎండకీ నీడకీ మధ్య ఇంత చిన్న అంకెలు చదివితే నరం మీద ఒత్తిడి పడుతుంది. మీ పెద్దాయన్ని చీకట్లో కాసేపు కళ్ళకి విశ్రాంతి ఇమ్మని నేనే పంపించాను."

మేనేజరు టోకెన్ అందుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. "నిజమేనండోయ్, నాకూ సరిగ్గా ఆనడం లేదు."

"సోమవారం షాపుకి రండి" అన్నాడు బావ. మేనేజరు కళ్ళు నులుముకుంటూ వెళ్ళిపోయాడు. బావమరిదికి అన్ని సిద్ధాంతాలు ఎలా పుట్టుకొచ్చేవో బావకి ఆ క్షణంలో తెలిసొచ్చింది. అవసరం వస్తే అవే వస్తాయి.

తర్వాత తలుపులు తెరుచుకున్నాయి, జనం మీద పడ్డారు. కళ్ళద్దాల కొలతలు వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి ఆ పూట లెక్కల మాస్టారికి ఎవరిదో పాలక్యాన్ల సైకిలు, పాలవాడికి ఎవరిదో స్కూటరు అప్పగించాడు. అందరూ కళ్ళు తుడుచుకుంటూ వస్తున్నారు. అవి ఏ రకం కన్నీళ్ళో మొహాలు చూసి పోల్చడానికి బావ శతవిధాలా ప్రయత్నించాడు గానీ తెలియలేదు.

గుంపు వెనకాల పెద్దాయనా ముప్పావూ పక్కపక్కనే నడిచొచ్చారు. పెద్దాయన వచ్చి తీగ తీసుకుని, తారుమారైన బండ్లన్నీ నిమిషంలో సరిచేశాడు. తర్వాత బావకి నమస్కారం పెట్టాడు.

"బాబు పక్కనుంటే ఇంకా బాగుంది సార్. ఇన్నాళ్ళూ ఒక్కణ్ణే చూశాను" అన్నాడు.

స్కూటరు మీద ఇంటికి వెళ్తుంటే సగం దారిలో ముప్పావు వెనకనుంచి మెల్లగా అన్నాడు. "బావా, ఆ అక్క..."

"చెప్పకు" అన్నాడు బావ.

"ప్రింటు వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో."

"వచ్చినప్పుడు చూస్తాను. నోరు మూసుకుని కూర్చో."

శనివారం ఇంటర్వ్యూకి కూడా బావ వెంట వెళ్ళాడు. లోపల ముగ్గురు పెద్దలు, మధ్యలో ప్రిన్సిపాల్ మేడమ్. బయట నడవాలో, తలుపు పక్కనే ఉన్న బెంచీ మీద బావ. తలుపు పలచనిది, లోపలి మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి. కుర్రాడి భవిష్యత్తు వినపడుతుంటే లేచి వెళ్ళడం ఆయన వల్ల కాలేదు.

"మీ సినిమాకి ముగింపు లేదు. ముగింపులంటే మీకు ఇష్టం ఉండదని కాలేజీలో అందరూ చెప్పారు. మరి నిన్నటి ముగింపు చూశారా, మామూలుగానే లేచి వెళ్ళిపోయారా?" అని మేడమ్ గొంతు.

"చూశానండీ."

"అయితే చెప్పండి. ఏముంది అందులో?"

బావ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టి నొక్కుకున్నాడు. చెప్పరా, చెప్పు, పైపుల దుకాణం నీకు పనికిరాదురా అని లోపల్లోపల బతిమాలాడు.

"క్షమించండి మేడమ్, ఇప్పుడే చెప్పలేను" అంది ముప్పావు గొంతు.

"ఎందుకని?"

"తలుపు అవతల మా బావ ఉన్నారు. ఆయన ఇంకా ముగింపు చూడలేదు. నేను చూడాలని నిన్న ఆయన మానుకున్నారు. ఇక్కడినుంచి చెబితే ఆయనకి వినపడిపోతుంది."

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. తలుపు తెరుచుకుని ప్రిన్సిపాల్ మేడమ్ స్వయంగా బయటికొచ్చింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. మామూలు రోజైతే బావ అడక్కుండానే దాన్ని సరిచేసి ఉండేవాడు.

"మీరేనా ఆ బావగారు?" అంది.

"అవునండీ" అని లేచి నిలబడ్డాడు బావ.

ఆవిడ ఆయన మొహంలోకి తేరిపార చూసింది. "కళ్ళద్దాల షాపాయన కదూ. బాగా చేశారు." తర్వాత, నవ్వు ఆపుకుంటున్నట్టుగా, "కాస్త దూరంగా వెళ్ళి కూర్చుంటారా? మీ బావమరిది ముగింపు చెప్పాలి" అంది.

సీటు వచ్చిందని ఫోను వచ్చింది ఆ తర్వాత ఎప్పుడో గానీ, బావకి ఆ మాటతోనే తెలిసిపోయింది. ఆయన నడవా చివరికంటా వెళ్ళి మంచినీళ్ళ ఫిల్టరు పక్కన నిలబడ్డాడు. అక్కడినుంచి గది కిటికీ అద్దం కనపడుతోంది, మాట మాత్రం వినపడదు. లోపల ముప్పావు లేచి నిలబడి, రెండు చేతులతో ఓడనీ, రేవునీ, పరుగునీ గాలిలో కట్టి చూపిస్తున్నాడు. ముగ్గురు పెద్దలూ ముందుకి వంగారు. చెయ్యి ఒకటి పైకి లేచి ఆగింది. ఇక ఆఖరి ముక్క వచ్చేస్తోందని గ్రహించి, చేతుల కదలికని బట్టి తెలిసిపోతుందేమోనని భయపడి, బావ గబుక్కున గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.